సకారం పుట్టే చోటు

నా పై పళ్ళలో ముందరివి రెండూ కొద్దిగా బయటికి వచ్చి, వాటి మధ్యన బియ్యపుగింజ పట్టేంత సందు ఉండేది. కింది వరసలో పళ్ళు చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. చింతామణిలో మా నాన్నకు కిరాణా అంగడి. సరుకులకు వచ్చేవాళ్ళు నా సందుపళ్ళు చూసి అదృష్టమనేవాళ్ళే గాని ఎగతాళి చేసినవాళ్ళు లేరు. అందుకని పళ్ళ గురించిన దిగులు నాకు అద్దం ముందు మొదలు కాలేదు. ఒక అక్షరం దగ్గర మొదలైంది.

మా ఇంట్లో పొద్దున్నే అంగడి తలుపు తీయకముందు దేవుడి గూటి ముందు కూర్చుని నామాలు చదవడం అలవాటు. నాకు చదవడం వచ్చాక నాన్న నన్ను ఊళ్ళో ఒక పండితుల దగ్గరికి ఆదివారాలు పంపించాడు. ఆయన శ్లోకం చెప్పే ముందు అక్షరం చెప్పేవారు. ప్రతి అక్షరానికీ నోట్లో ఒక పుట్టిల్లు ఉంటుందని, కొన్ని గొంతులో, కొన్ని అంగిట్లో, కొన్ని పెదవుల మీద పుడతాయని, త, ద, న, ల, స అనేవి నాలుక పళ్ళ దగ్గరికి చేరితే పుడతాయి గనుక వాటిని దంత్యాలంటారని నేర్పించారు. అక్షరం పక్కింట్లో పుడితే దాని పేరు మారిపోతుందనేవారు. నా నోట్లో సకారం పుట్టే లోపల గాలి సందులోంచి జారిపోయి సన్నని ఈలలాగా వచ్చేది.

"ఏమ్మా, నామం చెప్తాండావా, ఈల వేస్తాండావా?" అన్నారు ఒకరోజు.

అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేదాకా నాలుకతో ఆ సందును తడుముకుంటూ వచ్చాను. ఆ తరువాత పదిమందిలో పారాయణం చేసేటప్పుడు సకారం వచ్చిందంటే గొంతు తగ్గించడం అలవాటు చేసుకున్నాను. గుంపులో చెప్పేవాళ్ళకు ఆ సదుపాయం ఉంటుంది. మన అక్షరం తప్పితే పక్కామె అక్షరం దాన్ని కప్పేస్తుంది.

పెళ్ళయి బాగేపల్లికి వచ్చాక ఇక్కడి సత్సంగంలో చేరాను. మా కులం వాళ్ళ సత్రం హాల్లో ఊళ్ళో ఆడవాళ్ళందరం ప్రతి ఏకాదశికీ కూడతాం. మిట్టేమరి వైపు నుంచి వచ్చి ఊళ్ళో స్థిరపడిన ఒక పెద్దామె ముందు చెప్తే మేము వెనక చెప్తాం. ఆమెది భూములున్న రైతు కుటుంబం. ఆమె బడిలో చదివింది తక్కువ. కానీ నామాల అర్థం అడిగితే ఒక్కొక్క దాని మీద గంట సేపు చెప్పగలదు. మా అందరికీ ఆమె గురువు. ఆమె గొంతు వింటే ఇత్తడి బిందెలో నీళ్ళు పడినట్టు ఒక్కో అక్షరం వేరువేరుగా వినిపించేది.

ఒక ముక్కోటి ఏకాదశికి ముందు ఆమె నన్ను పక్కకు పిలిచింది. అప్పటికే ఆమెకు ఆయాసం ఎక్కువవుతోంది.

"ఈ ముక్కోటికి నేను చెప్తా. వచ్చే ముక్కోటికీ దేవుడు ఊపిరిస్తే నేనే చెప్తా. ఆ మీద ముక్కోటికి నువ్వు ముందు చెప్పాల," అంది.

"నా సకారం బాగుండదమ్మా."

"తెలుసు. అందుకే ఇంత ముందుగా చెప్తాండా."

ఇంకెవరైనా ఉన్నారేమో చూడమన్నాను. చూశానంది. కంఠస్థం వచ్చినవాళ్ళకు స్వరం లేదు, స్వరం ఉన్నవాళ్ళకు కంఠస్థం రాదు. "కొన్ని ఊళ్ళల్లో ఫోనుకు స్పీకరు తగిలించి పెట్టుకుంటాండారు. ఫోను తప్పు చెప్పదు, నిజమే. అయితే వెనకపడినోళ్ళ కోసరం నిలబడదు కద. నువ్వు రాకుంటే మనకీ ఫోనే గతి," అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మా సత్సంగంలో పల్లెల నుంచి వచ్చే ముసలివాళ్ళు ఉన్నారు. చదవడం రానివాళ్ళు ఉన్నారు. ముందు చెప్పే మనిషి పెదవులు చూసి వాళ్ళు నామం అందుకుంటారు. నా నోట్లోంచి ఈల వస్తే వాళ్ళ నోట్లోకి ఏం పోతుంది? ఇంట్లో పొద్దునా సాయంత్రం సాధన చేశాను. నాలుకను పైకి పెట్టి చూశాను, కిందికి పెట్టి చూశాను. గాలికి దాని దారి తెలుసు, ఆ సందులోంచే పోయేది.

నన్ను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది మాత్రం చిగుళ్ళు. తోముకున్నప్పుడల్లా రక్తం కనిపిస్తుంటే మా ఆయన చిక్కబళ్ళాపురంలో ఒక క్లినిక్కుకు పిలుచుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. కన్నడంలో మొదలుపెట్టి, నా మాట విని తెలుగులోకి మారింది. కింది పళ్ళు ఒకదాని వెనక ఒకటి దాక్కోవడం వల్ల బ్రష్షు అందడం లేదని, అక్కడ పాచి గట్టిపడి చిగుళ్ళు వాచాయని అద్దంలో చూపించింది. ముందు శుభ్రం చేసి, చిగుళ్ళు కుదుటపడ్డాక తీగ వేస్తే వరస సరి అవుతుందని, పెద్దవాళ్ళకూ వేస్తారని చెప్పింది.

నేను ఒక్కటే అడిగాను. "సకారం వస్తుందా?"

డాక్టరమ్మ చేతిలో అద్దం కింద పెట్టింది. "అదొక్కటి నేను గ్యారంటీ ఇవ్వలేనమ్మా. సందు మూసుకుంటే గాలి పోయే దావ మారతాది. మిగిలింది మీ నాలిక చేసుకోవాల."

నాకు అంతకన్నా నమ్మకమైన జవాబు ఇంకొకటి ఉండదనిపించింది. సాధన మనది, ఫలం ఆయనది అని చిన్నప్పటి నుంచి విన్నదే, తెల్ల కోటు వేసుకున్న మనిషి ఇంకో విధంగా చెప్పినట్టయింది.

మా అత్తకు విషయం చెప్తే ఆమె చేటలో బియ్యం చెరగడం ఆపి తల పైకెత్తింది. మడీ ఆచారం బాగా పట్టించుకునే మనిషి. నోరు చల్లనిది.

"పంటికి తీగ స్కూలు పిల్లోళ్ళు కద వేసుకునేది?"

"పెద్దోళ్ళూ వేసుకుంటారంట అత్తా."

"వేసుకుంటే వేసుకో. నీకూ ఒక సంచి తగిలించి స్కూలుకు పంపిస్తాం."

తీగ వేయించుకునే రోజు క్లినిక్కులో నా చుట్టూ నిజంగానే స్కూలు పిల్లలు. పక్కన కూర్చున్న అమ్మాయి పళ్ళ నిండా నీలం రంగు రబ్బర్లు. "ఆంటీ, మీ పాపకా?" అని అడిగింది. నాకే అన్నాను. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని, "ఏమీ కాదు ఆంటీ. మొదట్లో పాయసం తాగుకుంటా ఉండండి," అని ధైర్యం చెప్పింది.

లోపల రబ్బర్లకు ఏ రంగు కావాలని అడిగారు. ఈ వయసులో నాకు రంగెందుకని, ఏ రంగూ లేనివి పెట్టమన్నాను. ఆ తరువాత మా వంటింట్లో రెండు పూటలు పప్పూ చారూ తిన్నానో లేదో రబ్బర్లన్నీ పసుపు పచ్చగా తేలాయి. అద్దంలో చూసుకుని నేను దిగులుపడుతుంటే మా అత్త, "దానికేమి, గడపకు పూసినట్ల ఉండాది. శుభమే," అంది.

తీగ బిగించిన తరువాతి రోజులు నొప్పితో గడిచాయి. వక్క కాదు గదా, అన్నం మెతుకు కూడా కొరకలేకపోయాను. అప్పుడు నన్ను ఆదుకున్నది రాగిముద్ద. మా సీమలో ముద్దను నమలరు, చారులో ముంచి మింగుతారు. మింగే తిండి ఉన్న ఊళ్ళో పుట్టినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. తీగ కొస ఒకటి దవడ లోపల గీరుకుంటుంటే క్లినిక్కులో ఇచ్చిన మైనాన్ని చిన్న ఉండ చేసి దాని మీద అద్దేదాన్ని. చెక్కిలాలు, వేరుశనగ పాకం ఉండలు, చెరుకు ముక్క డబ్బాల్లోనే ఉండిపోయాయి. జామకాయ తినాలంటే కత్తితో సన్నగా కోసుకునేదాన్ని.

కష్టం తిండితో కాదు, తిన్న తరువాత. ప్రతి పంటి మీదా ఒక చిన్న గుబ్బ, దాని మీదుగా తీగ. ఎక్కడ చూసినా మూలలే. ద్వాదశి నాడు ఉపవాసం విడిచే పారణలో పెట్టే నానిన పప్పు కోసంబరి నాకు ప్రాణం. దాంట్లోని పెసరపప్పు, కొత్తిమీర రెండూ నా తీగలో చిక్కుకునేవి. నోరు కడుక్కోకుండా మాట్లాడితే ఎదుటివాళ్ళు నా కళ్ళలోకి కాకుండా నోట్లోకి చూసేవారు. సీసాలు కడిగే బ్రష్షు మాదిరిదే, చీపురుపుల్లంత సన్నది ఒకటి ఇచ్చింది డాక్టరమ్మ. తీగ కింద దాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఓపిక లేకుండా చేస్తే చిగురుకు గుచ్చుకుంటుంది, వదిలేస్తే తీగ తీసేనాటికి పంటి మీద తెల్లమచ్చలు మిగులుతాయి. దేవుడి గంటలు, హారతి పళ్ళెం తోముకున్నట్టే తోముకోవాలని నాకు నేను చెప్పుకున్నాను. నామం పుట్టే చోటు అది. ఆ పని చేస్తున్నంత సేపూ లోపల నామం అనుకోవడం అలవాటైంది. నోరు ఖాళీ లేదు కాబట్టి మనసులోనే.

ఏకాదశి నాడు మాత్రం చిక్కొచ్చింది. ఉపవాసం రోజు పళ్ళు తోమకూడదని, నీళ్ళు పుక్కిలిస్తే చాలని మా ఇంటి ఆచారం. నేనూ అదే పాటించాను. ముందు రోజు తిన్నది తీగలో నిలిచి, మర్నాటికి చిగుళ్ళు మళ్ళీ ఉబ్బేవి. డాక్టరమ్మ నెలనెలా చూసి, "మధ్యలో ఏదో ఒక దినం మీరు తోమడం లేదమ్మా, ఇది చెప్తాంది," అని చిగురును చూపించింది. ఆచారం విడిచిపెట్టడానికి మనసొప్పలేదు. పెద్దామెను అడిగాను. పక్కన మా అత్త కూడా ఉంది.

"శాస్త్రంలో పళ్ళు తోమే పుల్ల విరవద్దన్నారు. ఆ దినం చెట్టుకూ ఉపవాసమే అనుకో," అంది పెద్దామె. "నోరు కంపు పెట్టుకోమని యాడ చెప్పినారు? నీ బ్రష్షు ఏ చెట్టుకు కాసింది?"

మా అత్త నా వైపు చూసి, "అయితే నేనూ తోముకోవచ్చునేమో," అంది. ఆమె తోముకోలేదు. నన్ను మాత్రం ఆ తరువాతి ఏకాదశి నుంచి, "తోముకుంటివా?" అని తనే అడిగేది.

ఇక మాట సంగతి. సందు మూసుకోవడానికి ముందు నా మాట ఇంకా చెడిపోయింది. లోపలి పెదవి తీగకు తగులుకుని, నాలుక దాని చోటు మరిచిపోయి, సకారం ఈల కూడా కాకుండా శకారమో మరొకటో తెలియని శబ్దం వచ్చేది. తీగ వేయించుకున్నాక మొదటిసారి సత్సంగానికి పోయినప్పుడు పక్కన కూర్చునే ఆమె, జవుళి అంగడి వాళ్ళ ఇల్లాలు, నన్ను మెల్లిగా అడిగింది.

"నోట్లో ఇనుము పెట్టుకుని నామం చెప్పచ్చునా? పూజకు ఇనుము దూరం పెడతారు కద. వెండి తీగ దొరకదా?"

ఆమె ద్వేషంతో అనలేదు. నాకూ ఆ అనుమానం ఉండింది, బయటికి అనలేదంతే. పెద్దామెకు వినిపించింది.

"మన పల్లెలో గుడిగంట కంచుది. దాని నాలిక ఏందమ్మా? ఇనుప కడ్డీ. అది కొట్టుకుంటేనే స్వామికి వినపడేది," అని నామం ఎత్తుకుంది. అంతటితో ఆ మాట ముగిసింది.

నా మనసులో మాత్రం ముగియలేదు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోయి, తీగ తీసేయించుకుంటానని చెప్పాను. చిగుళ్ళు ఎట్లాగూ బాగయ్యాయి, సకారం ఉన్నదీ పోయింది, ముక్కోటికి ఫోనే పెట్టుకోండి అన్నాను.

ఆమె వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. "నా నోట్లో నా సొంత పండ్లు ఎన్ని ఉండాయో చెప్పు చూద్దాం," అంది.

నేను వంగి ఆమె నోట్లోకి చూశాను.

"ఒక్కటీ లేదు. పైనా కిందా కట్టుడే. నువ్వు ఈ ఊరికి కోడలిగా రాకముందే కట్టించుకుంటి."

ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చుని ఆమె నోటిని చూసి నామం అందుకున్నదాన్ని, నాకు తెలియలేదు.

"కొత్తల్లో స, త, ద అన్నీ పాయ. మా ఆయన్ను 'నీళ్ళు తాగుతారా' అని అడిగితే ఏమన్నానో తెలీక ఆయన పంచె తెచ్చిచ్చినాడు. నాలిక కొత్త కోడలు మాదిరి. డబ్బాలు ఎవరో సర్ది పెట్టినారు, ఉప్పు యాడుండాదో దానికేం తెలుసు? నాలుగు దినాలు తడుముకుంటాది. మనం అరిస్తే ఇంకా తడబడతాది."

"మరి ఎట్ల వచ్చిందమ్మా?"

"బస్టాండు నుంచి ఇంటికి వచ్చేదావలో బోర్డులు చదువుకుంటా వస్తిని. నామంతో సాధన చేయలేదు, నామం తప్పు చెప్పాలంటే భయం. బోర్డు తప్పు చెప్తే ఎవరికేం? ఈ ఊర్లో సకారానికి కొదవ లేదు. కన్నడం బోర్డులన్నీ అదే కద. సహకార సంఘ ముందర నిలబడి చదివితే చాలు."

తీగ తీయించుకోలేదు. కూరగాయలకు పోయినా, అంగడికి పోయినా బోర్డులు చదువుకుంటూ నడిచాను. సహకార సంఘ, సీరె సెంటర్, సార్వజనిక ఆస్పత్రె. చిక్కబళ్ళాపురం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పేరేసంద్ర మీదుగా ఎన్ని బోర్డులు! పక్క సీటులో వాళ్ళు నాకు కొత్తగా చదువు వస్తోందనుకుని ఉంటారు. ఒకసారి ఒక పెద్దాయన, "బాగా చదువుతాండావమ్మా, విడవద్దు," అని మెచ్చుకుని దిగిపోయాడు. నేను చేతులు జోడించాను. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

పళ్ళు కదిలేది కంటికి తెలియదు. చలిలో పెరుగు తోడుకున్నట్టు, చూస్తుంటే ఏమీ లేదు, ఒకరోజు చూస్తే ఉంటుంది. నాలుక తడుముకుంటే సందు తగలని రోజు ఒకటి వచ్చింది. ఆ ఏడు ముక్కోటికి పెద్దామే చెప్పింది, మధ్యలో నీళ్ళు తాగుతూ, ఊపిరి కోసం ఆగుతూ. నేను వెనక వరసలో కూర్చుని చాలా ఏళ్ళ తరువాత గొంతు తగ్గించకుండా చెప్పాను.

ఎండాకాలం వెళ్ళాక తీగ తీశారు. గుబ్బలు ఊడివచ్చేటప్పుడు పటపటమని చప్పుడు, ఆ తరువాత పళ్ళ మీద నాలుక పెడితే అరటిపండు తొక్కలాగా నున్నన. తెల్లమచ్చలు లేవని డాక్టరమ్మ సంతోషించింది. "ఇంకా అయిపోలేదమ్మా," అని పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ తొడుగులు రెండు ఇచ్చింది. పళ్ళు పాత చోటికి పోవాలని చూస్తాయట. తినేటప్పుడు తీసి, మిగతా వేళంతా పెట్టుకోవాలి. చల్లనీళ్ళతో మెత్తని బ్రష్షు పెట్టి కడగాలి.

మా ఇంట్లో ఆ తొడుగులది పెద్ద సమస్యయింది. నోట్లోంచి తీసిందంటే ఎంగిలి. ఎంగిలి వస్తువును ఎక్కడ పెట్టాలి? దేవుడి గది దరిదాపుల్లో కూడదు, వంటింట్లో కూడదు. చివరికి స్నానాల గది బయట గూట్లో దాని డబ్బాకు చోటిచ్చింది మా అత్త. తీసినప్పుడల్లా చెయ్యి కడుక్కోవడం, పెట్టుకున్నప్పుడల్లా కడుక్కోవడం. అదీ ఒక ఆచారంగా కుదిరిపోయింది.

అంతలో చంద్రగ్రహణం వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఇల్లంతా కడిగి, పాత నీళ్ళు పారబోసి, అందరూ తలస్నానాలు చేస్తున్నాం. నేను తొడుగులు తీసి డబ్బాలో పెట్టి స్నానానికి పోయాను. వచ్చేసరికి మా అత్త డబ్బా ఎదురుగా నిలబడి ఉంది. స్నానాల నీళ్ళు కాగే అండాలోంచి చెంబు నిండా మరిగే నీళ్ళు తీసి అప్పటికే డబ్బాలో పోసేసింది. తొడుగులు రెండూ నూనెలో వేసిన అప్పడాల మాదిరి ముడుచుకుని ఉన్నాయి.

"గ్రహణం పట్టిన దాన్ని నోట్లో ఎట్ల పెట్టుకుంటావని శుద్ధి చేస్తిని," అంది. "ఏమయిందమ్మా దానికి?"

మా ఇంట్లో ఇత్తడికైనా రాతికైనా చేసే మర్యాదే ఆమె దానికీ చేసింది. ఆమె మీద కోపం రాలేదంటే అబద్ధం. కాని ఆ ముఖం చూసి, డబ్బాలో నీళ్ళు పారబోసి మూత పెట్టేశాను.

చిక్కబళ్ళాపురానికి ఫోను చేస్తే డాక్టరమ్మ పురుడు పోసుకోవడానికి పుట్టింటికి పోయిందన్నారు. వేరే ఆయన వారానికి ఒకసారి వస్తాడన్నారు, ఆయనా ఆ వారం రాలేదు. దసరా వచ్చింది, మా ఆయన అంగడిలో ఎవరికీ తీరిక లేకపోయింది. రోజులు జరిగిపోయాయి. ఒక పొద్దున నామాలు చదువుతుంటే ఈల వినిపించింది. బయట ఎవరో అనుకున్నాను. నా నోట్లోంచే. నాలుక పెట్టి చూస్తే సందు తిరిగి తెరుచుకుంటోంది, కాగితం పట్టేంత. ముక్కోటి దగ్గరపడుతోంది.

దేవుడి గది ముందు కూర్చున్నాను. నేను నా కోసం అడగలేదు స్వామీ, నీ పేరు నీటుగా పలకాలనే అడిగాను, దానికీ అడ్డమేనా అన్నాను. అంతలో మా అత్త చీర మార్చుకుని, చేతిలో సంచితో వచ్చి నిలబడింది.

"లెయ్, పోదాం. ఆ డాక్టరు ఉన్నా లేకున్నా ఈ పొద్దు నేను ఆడనే కూర్చుంటా."

క్లినిక్కులో డాక్టరమ్మ ఉంది. బిడ్డను తల్లి దగ్గర వదిలి రెండు పూటలు వచ్చి పోతోందట. మా అత్త ఆమెకు సంచిలోంచి ముడుచుకున్న తొడుగులు తీసి చూపించి, "దీన్ని ఇట్ల చేసింది నేనమ్మా. కోడలిని ఏమనద్దు," అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. ప్లాస్టిక్ వేడి తగిలితే మెత్తబడి రూపు పోతుందని నెమ్మదిగా చెప్పింది. మా అత్త అంతా విని, "అయితే గ్రహణానికి ఏం చేయాల?" అని అడిగింది.

"దర్భ వేసి పెట్టండమ్మా. చాలు."

ఆ జవాబు మా అత్తకు బాగా నచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మూడుసార్లయినా అంది, "శాస్త్రం తెలిసిన పిల్ల."

సందు కొంచెమే తెరుచుకుంది గనుక బిగుతైన తొడుగుతో వెనక్కి తేవచ్చన్నారు. వచ్చింది కూడా. ఆ తరువాత మళ్ళీ కదలకుండా పై పళ్ళ వెనక సన్నని తీగ ఒకటి అతికిస్తానంది డాక్టరమ్మ. అది తీసి పెట్టేది కాదు, ఎంగిలి సమస్య పగటి పూటకు తీరిపోతుంది, తొడుగు రాత్రి పడుకునేటప్పుడు మాత్రం. అయితే ఒక మాట ముందే చెప్పింది. "నాలికకు తగలతాది. కొన్ని దినాలు మాట తడబడతాది. ముక్కోటి అయినంక వేద్దామా?"

ఆలోచించాను. ముక్కోటి దాకా తొడుగును నమ్ముకోవచ్చు. కాని సత్సంగం పొద్దు పొడవక ముందు మొదలైతే మధ్యాహ్నం దాకా సాగుతుంది. తొడుగు పెట్టుకుని చెప్తే నోట్లో నీరూరి మాట చిక్కబడుతుంది. తీస్తే చెయ్యి ఎంగిలి. దంత్యాలు పుట్టే చోట, సరిగ్గా ఆ చోటనే తీగ కూర్చుంటుంది. ఈసారి భయం వేయలేదు. కొత్త కాపురం నాలుకకు ఇదివరకే అలవాటు.

"ఇప్పుడే వేసేయమ్మా," అన్నాను.

మళ్ళీ బోర్డులు. ఈసారి నాతో మా అత్త కూడా నడిచేది. ఆమెకు కన్నడం చదవడం రాదు. "అదేంది?" అని వేలు చూపిస్తే నేను చదవాలి. సరిగా రాకపోతే ఆమెకు తెలియదు, అయినా "ఇంకొక తూరి చెప్పు," అనేది. పళ్ళ వెనక అతికించిన తీగ కింద దారం పోనిచ్చి శుభ్రం చేసుకోవడానికి సూది మాదిరి ఒక ప్లాస్టిక్ పుల్ల ఇచ్చారు. ఆ పుల్లకు దారం ఎక్కించడం మా అత్త పని. పూలు కట్టే చెయ్యి గనుక ఆమెకు ఒక్కసారికే ఎక్కేది.

ముక్కోటి పొద్దున హాలు నిండిపోయింది. పల్లెల నుంచి ఆటోల్లో వచ్చారు. చలికి శాలువాలు కప్పుకున్న ముసలివాళ్ళంతా నోరు కనిపించేలా ముందుకు జరిగి కూర్చున్నారు. పెద్దామెకు గోడకు ఆనుకునేట్టు కుర్చీ వేశారు. నేను ఆమె ఎప్పుడూ కూర్చునే చాప మీద కూర్చున్నాను. నామం ఎత్తుకున్నాను. కాసేపట్లోనే మొదటి సకారం వచ్చింది.

నాలుక పైకి లేచి తీగ పక్కన దాని చోటు వెతుక్కుని నిలబడింది. అక్షరం పుట్టింది. ఈల లేదు. హాలంతా ఆ అక్షరాన్ని అందుకుని తిరిగి ఇచ్చినప్పుడు నా వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టనిపించింది.

సగం దాటాక ఒకచోట తడబడ్డాను. రెండు నామాలు కలిసిపోయాయి. ఆగాను. వెనక ఉన్నవాళ్ళు ఆగలేదు. చదవడం రాని ముసలివాళ్ళే ముందుగా ఆ నామాన్ని సరిగా అందుకుని చెప్పారు, మిగతావాళ్ళు వాళ్ళను అందుకున్నారు, నేను అందరినీ అందుకున్నాను. నామాన్ని నేను మోసుకుపోతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నన్ను ఎవరు మోస్తున్నారో ఆ పొద్దున తెలిసింది. ఆ తరువాత తొందరపడలేదు. ఎవరి గొంతైనా వెనకబడితే, అది వచ్చి కలిసేదాకా ఆగి, తరువాతి నామం ఎత్తుకున్నాను.

హారతి అయ్యాక పెద్దామె కుర్చీ దగ్గరికి పోయి పాదాలు తాకాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

"సకారం బాగుండాది," అంది. "దంత్యాలన్నీ బాగుండాయి."

ఇంకా ఏదో ఉందని ఆమె పెదవులు చూస్తే తెలిసింది.

"మహాప్రాణాలు మింగేస్తాండావు. ఘ అనే తావులో గ అంటాండావు, ధ అంటే ద. దానికి పళ్ళ డాక్టరు పనికి రాదు, ఊపిరి పట్టాల. రేపట్నుంచి రా, చెప్తా."

"రేపు ద్వాదశి కదమ్మా, పారణ ఉంటాది."

"పారణ చేసుకుని, నోరు కడుక్కుని రా," అంది.